స్కేల్ మీద 0.01 కనిపిస్తే నమ్మేయొచ్చా? రీలోడింగ్ బెంచ్ నేర్పే తూకం పాఠం

ఫోన్ బాక్స్ మీద 200 మెగాపిక్సెల్ అని రాసి ఉన్నంత మాత్రాన ఫొటో బాగా వస్తుందని మీరెవరూ నమ్మరు. సెన్సర్ సైజ్ ఎంత, లెన్స్ ఏంటి, ప్రాసెసింగ్ ఎలా ఉంది అని అడుగుతారు. మరి ఆన్‌లైన్‌లో ఐదారు వందలకు దొరికే డిజిటల్ పాకెట్ స్కేల్ మీద "0.01 గ్రా" అని ఉంటే? దాన్ని మాత్రం ఏ ప్రశ్నా లేకుండా నమ్మేస్తాం. కాఫీ పొడి తూచినా, చెవి కమ్మలు తూచినా డిస్‌ప్లే మీద కనిపించిన నంబరే ఫైనల్.

కాఫీలో తేడా వస్తే రుచి పోతుంది, అంతే. కానీ ఇదే తేడా చేతి వేళ్ల మీదకి, కళ్ల మీదకి వచ్చే హాబీ ఒకటి ఉంది. అమెరికాలో షూటింగ్ రేంజ్‌లకు వెళ్లేవాళ్లు చాలామంది వాడేసిన తూటాలను ఇంట్లో మళ్లీ నింపుకుంటారు. దాన్నే రీలోడింగ్ అంటారు. స్కేల్స్, కాలిపర్ల గురించి వాళ్లంత పట్టుదలగా ఆలోచించే హాబీ వాళ్లు తక్కువ. వాళ్లు స్కేల్ ఎలా ఎంచుకుంటారో తెలిస్తే, ఏ పనికైనా మంచి స్కేల్ ఎలా కొనాలో మీకు అర్థమైపోతుంది. ఈ ఆర్టికల్‌లో అదే చూద్దాం.

ముందే ఒక మాట. మన దేశంలో లైసెన్స్ లేకుండా తూటాలు తయారుచేయడం 1959 ఆయుధాల చట్టం ప్రకారం నేరం. అమెరికాలో సొంత వాడకానికి నింపుకోవడానికి ఫెడరల్ లైసెన్స్ అవసరం లేదు, అమ్మాలంటే మాత్రం కావాలి. రాష్ట్రాన్ని బట్టి అదనపు రూల్స్ ఉంటాయి. కాబట్టి ఇది ఇక్కడ ట్రై చేసే పని కాదు. మనకు కావాల్సింది ఆ టూల్స్ వెనకున్న టెక్నాలజీ.

అంత ఖచ్చితత్వం ఎందుకు?

తూటాలో నాలుగు భాగాలు ఉంటాయి: ఇత్తడి కేస్, అడుగున నిప్పురవ్వ ఇచ్చే ప్రైమర్, లోపల పౌడర్, పైన బుల్లెట్. కాల్చాక ఇత్తడి కేస్ మిగులుతుంది. దాన్ని శుభ్రం చేసి, మళ్లీ సైజ్‌కి తెచ్చి, మిగతా మూడూ కొత్తవి పెడతారు.

పౌడర్ కాలినప్పుడు పుట్టే ప్రెజర్ దగ్గరే అసలు విషయం ఉంది. అమెరికాలో తూటాల ప్రమాణాలు నిర్ణయించే సామీ అనే సంస్థ 1926 నుంచీ ఉంది. దాని లెక్క ప్రకారం 9 ఎంఎం తూటాకు గరిష్ఠ ప్రెజర్ 35,000 పీఎస్ఐ. మీ బైక్ టైర్‌లో 30 పీఎస్ఐ చుట్టూ ఉంటుంది, అంటే దానికి వెయ్యి రెట్లు పైమాటే. .308 విన్‌చెస్టర్ రైఫిల్ తూటాకైతే 62,000 పీఎస్ఐ. పౌడర్ కొంచెం ఎక్కువైతే ప్రెజర్ అదే నిష్పత్తిలో పెరిగి ఊరుకోదు, ఇంకా వేగంగా పెరుగుతుంది. ఈ పేలుడు జరిగేది ముఖానికి జానెడు, మూరెడు దూరంలో. అందుకే స్కేల్ అక్కడ సేఫ్టీ డివైస్ కింద లెక్క.

గ్రెయిన్ అంటే ఎంత?

రీలోడింగ్‌లో గ్రాములు వాడరు, గ్రెయిన్లు వాడతారు. పేరులోనే ఉన్నట్టు ఇది గింజ నుంచి పుట్టిన యూనిట్. అక్కడ బార్లీ గింజతో మొదలైతే, మన కంసాలులు గురివింద గింజతో బంగారం తూచేవాళ్లు. ఐడియా ఒకటే. ఇప్పుడు గ్రెయిన్‌కి ఖచ్చితమైన విలువ ఉంది:

- 1 గ్రెయిన్ = 64.79891 మిల్లీగ్రాములు
- 1 గ్రాము = సుమారు 15.43 గ్రెయిన్లు
- 1 పౌండ్ = 7000 గ్రెయిన్లు

గురివింద గింజ బరువు సుమారు 0.12 గ్రాములు. అంటే ఒక గ్రెయిన్ దాదాపు సగం గురివింద గింజ. రీలోడింగ్‌లో అందరూ ఒప్పుకునే కనీస రిజల్యూషన్ 0.1 గ్రెయిన్. అంటే 6.5 మిల్లీగ్రాములు. ఒక గురివింద గింజను 18 ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క!

ఇప్పుడు మన పాకెట్ స్కేల్ సంగతి చూడండి. దాని మీద 0.01 గ్రాములు అంటే 10 మిల్లీగ్రాములు, అంటే 0.15 గ్రెయిన్. చూడ్డానికి చాలా సూక్ష్మంగా కనిపించే 0.01, రీలోడింగ్‌కి కావాల్సిన 0.1 గ్రెయిన్ కన్నా మొరటు కొలత అన్నమాట. పైగా ఇలాంటి స్కేల్స్ చివరి అంకెలో ఒకటి రెండు అటూ ఇటూ ఊగడం మామూలే. 0.02 గ్రాములు తప్పినా 0.3 గ్రెయిన్ తేడా. 40 గ్రెయిన్లు పట్టే రైఫిల్ తూటాలో అది ఒక శాతం లోపే. ఐదు గ్రెయిన్ల చుట్టూ పట్టే పిస్టల్ తూటాలో 6 శాతం. చిన్న తూకంలోనే పెద్ద ప్రమాదం ఉంటుందని చెప్పేది అందుకే.

ఇంకో తిరకాసు కూడా ఉంది. పాకెట్ స్కేల్‌లో మోడ్ బటన్ నొక్కుతూ పోతే గ్రాములు, ఔన్సులు, క్యారెట్లు, గ్రెయిన్లు వరసగా మారుతుంటాయి. గ్రాముకీ గ్రెయిన్‌కీ డిస్‌ప్లే మీద ఉండే తేడా ఒక చిన్న అక్షరం. బరువులో తేడా 15 రెట్లు. రీలోడింగ్ కోసం చేసిన స్కేల్స్‌లో చాలావాటికి గ్రాములు, గ్రెయిన్లు రెండే యూనిట్లు ఉండటానికి కారణం ఇదే. బటన్లు తక్కువ ఉండటం ఇక్కడ ప్లస్ పాయింట్.

మూడు మాటలు, మూడు అర్థాలు

స్పెసిఫికేషన్లలో ఈ మూడూ కలిపేసి చెబుతుంటారు. విడదీసి చూడాలి.

రిజల్యూషన్: డిస్‌ప్లే చూపించగల అతి చిన్న అంకె. బాక్స్ మీద పెద్దక్షరాల్లో ఉండేది ఇదే.

రిపీటబిలిటీ: ఒకే వస్తువును పదిసార్లు పెట్టి తీస్తే పదిసార్లూ ఒకే నంబర్ వస్తుందా?

యాక్యురసీ: వచ్చిన నంబర్ నిజమైన బరువుకు ఎంత దగ్గరగా ఉంది?

చాలా ఇళ్లలో గోడ గడియారం ఐదు నిమిషాలు ముందుకు పెట్టి ఉంటుంది కదా. సెకన్ల ముల్లు ఉంది, రిజల్యూషన్ బాగుంది. రోజూ అదే ఐదు నిమిషాల తేడా, రిపీటబిలిటీ సూపర్. కానీ టైమ్ తప్పు. ఆ ఐదు నిమిషాల సంగతి ఇంట్లోవాళ్లకు తెలుసు కాబట్టి ఇబ్బంది లేదు. కొత్తగా వచ్చిన చుట్టానికి తెలియదు. స్కేల్ విషయంలో మనమే ఆ చుట్టం.

స్కేల్స్ మూడు రకాలు

*1. బీమ్ స్కేల్*

పాత త్రాసు సూత్రమే. ఒకవైపు పౌడర్ పాన్, ఇంకోవైపు గీతల మీద జరిపే బరువులు, మధ్యలో కత్తి అంచులాంటి ఆధారం. ఊగుతూ ఉండకుండా అయస్కాంతం ఆపుతుంది. ఆర్‌సీబీఎస్ 5-0-5 ఈ రకంలో బాగా పేరున్నది, 511 గ్రెయిన్ల వరకు తూస్తుంది, రిజల్యూషన్ 0.1 గ్రెయిన్.

ప్లస్: బ్యాటరీ లేదు, వార్మప్ లేదు, పక్కన ఫోన్ మోగినా పట్టించుకోదు. మైనస్: నెమ్మది. బల్ల సమతలంగా ఉండాలి. ఆధారం దగ్గర దుమ్ము చేరితే కదలిక బరువెక్కుతుంది. ముల్లును కంటికి సరిగ్గా ఎదురుగా పెట్టుకుని చదవాలి, పక్క నుంచి చూస్తే తప్పు చదువుతాం.

*2. స్ట్రెయిన్ గేజ్ డిజిటల్ స్కేల్*

మన కిచెన్ స్కేల్, పాకెట్ స్కేల్, బడ్జెట్ రీలోడింగ్ స్కేల్ అన్నీ దాదాపు ఇవే. లోపల చిన్న లోహపు దిమ్మ ఉంటుంది, దాన్నే లోడ్ సెల్ అంటారు. బరువు పెడితే అది కంటికి కనిపించనంతగా వంగుతుంది. దానికి అంటించిన సన్నని రేకు సాగి, కరెంటుకు అది ఇచ్చే నిరోధం మారుతుంది. ఆ మార్పును ఒక చిప్ అంకెలోకి మారుస్తుంది. ఆర్డుయినోతో ఆడేవాళ్లకు హెచ్ఎక్స్711 తెలిసే ఉంటుంది, ఆ పనే.

ఇక్కడ కెపాసిటీ చూడటం మర్చిపోవద్దు. 500 గ్రాముల స్కేల్ మీద ఐదు గ్రెయిన్లు, అంటే 0.32 గ్రాములు తూస్తే దాని సామర్థ్యంలో వెయ్యో వంతు కూడా వాడట్లేదు. బియ్యం బస్తాలు తూచే కాటా మీద చిటికెడు జీలకర్ర తూచినట్టు ఉంటుంది. "ఎంత ఎక్కువ కెపాసిటీ అయితే అంత మంచిది" అన్న లెక్క ఇక్కడ తిరగబడుతుంది. ఫ్రాంక్‌ఫోర్డ్ ఆర్సెనల్ డీఎస్-750 లాంటి రీలోడింగ్ స్కేల్ 750 గ్రెయిన్ల దగ్గరే ఆగిపోతుంది. అంటే 49 గ్రాములు కూడా నిండవు.

*3. మాగ్నెటిక్ ఫోర్స్ రెస్టోరేషన్*

ల్యాబ్‌లలో వాడే టెక్నాలజీ. పాన్ మీద బరువు పడగానే కిందకి దిగబోతుంది. దాన్ని మళ్లీ అదే ఎత్తులో నిలబెట్టడానికి ఒక విద్యుదయస్కాంతం పైకి నెడుతుంది. ఎంత కరెంట్ పట్టిందో లెక్కేస్తే అదే బరువు. లోహం వంగి మళ్లీ యథాస్థితికి వచ్చే గొడవ లేదు కాబట్టి డ్రిఫ్ట్ తక్కువ, స్పీడ్ ఎక్కువ. ఏ అండ్ డీ కంపెనీ ఎఫ్ఎక్స్-120ఐ ఈ రకమే, 1 మిల్లీగ్రాము వరకు చూపిస్తుంది. లాంగ్ రేంజ్ పోటీలకు వెళ్లేవాళ్లు దీన్ని ఆటోట్రిక్లర్ అనే మోటార్ అటాచ్‌మెంట్‌తో కలిపి వాడతారు. ధర మాత్రం ఫ్లాగ్‌షిప్ ఫోన్ స్థాయిలో ఉంటుంది.

స్పెక్ షీట్‌లో కనిపించని జబ్బులు

ఈ చిన్న టెస్ట్ మీ ఇంట్లో స్కేల్‌తో ఇప్పుడే చేయొచ్చు. ఖాళీ గిన్నె పెట్టి జీరో చేయండి. ఉప్పును రెండు వేళ్లతో చాలా నెమ్మదిగా, నాలుగైదు రేణువుల చొప్పున వేస్తూ పోండి. చాలా స్కేల్స్ 0.00 దగ్గరే మొండికేస్తాయి. గిన్నె ఎత్తి మళ్లీ పెడితే అప్పుడు ఒక్కసారిగా అసలు బరువు చూపిస్తాయి.

కారణం ఆటో జీరో. టెంపరేచర్ వల్ల నంబర్ మెల్లగా జారుతుంటే దాన్ని కప్పిపుచ్చడానికి స్కేల్ చిన్న చిన్న మార్పులను "ఇది నా తప్పే" అనుకుని మళ్లీ సున్నాకి తెచ్చేస్తుంది. మీరు వేసే ఉప్పు కూడా దానికి అలాగే కనిపిస్తుంది. రీలోడింగ్‌లో చివరి కొన్ని రేణువులు ఇలా నెమ్మదిగానే వేస్తారు, దాన్నే ట్రికిల్ చేయడం అంటారు. స్కేల్ నిద్రపోతుంటే పౌడర్ ఎక్కువ పడిపోతుంది. అందుకే రివ్యూల్లో "ట్రికిల్ రెస్పాన్స్ ఎలా ఉంది" అన్న లైన్ వెతకాలి. లేకపోతే పాన్ ఎత్తి మళ్లీ పెట్టి చూసే అలవాటు చేసుకోవాలి.

మిగతావి టకటకా చెప్పేస్తా:

- వార్మప్: ఆన్ చేసిన వెంటనే తూచొద్దు. 20–30 నిమిషాలు ఆగితే సర్క్యూట్ వేడెక్కి నంబర్ నిలకడగా ఉంటుంది. అందుకే అడాప్టర్‌తో నడిచేది, ఆటో ఆఫ్ ఆపేయగలిగేది చూసుకోవాలి.
- గాలి: సీలింగ్ ఫ్యాన్, ఏసీ రెండూ శత్రువులే. మిల్లీగ్రాము స్కేల్‌కి మూత లేకపోతే ఊపిరి తగిలినా అంకె కదులుతుంది.
- స్టాటిక్: ప్లాస్టిక్ గిన్నెకు చార్జ్ పడితే తూకం తప్పుతుంది. మెటల్ పాన్ బెటర్.
- ఫోన్: సిగ్నల్ వెతుకుతున్న ఫోన్ పక్కనే ఉంటే కొన్ని స్కేల్స్ తడబడతాయి. దూరంగా పెట్టండి.

ఇంకోటి, ఇది మనవాళ్లకు బాగా పనికొచ్చేది. లోడ్ సెల్ కొలిచేది భూమి లాగే బలాన్ని. ఆ బలం అన్నిచోట్లా ఒకటి కాదు, భూమధ్యరేఖ నుంచి ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ పెరుగుతుంది. హైదరాబాద్‌లో క్యాలిబ్రేట్ చేసిన స్కేల్‌ను సూట్‌కేస్‌లో వేసుకుని సియాటెల్ వెళ్తే, అదే 100 గ్రాముల బరువుకు అక్కడ దాదాపు పావు గ్రాము ఎక్కువ చూపిస్తుంది. ఊరు మారితే మళ్లీ క్యాలిబ్రేట్ చేయాల్సిందే. బీమ్ స్కేల్‌కి ఈ సమస్య లేదు. రెండువైపులా ఒకే బలం పనిచేస్తుంది కాబట్టి తేడా కొట్టుకుపోతుంది.

గురివింద గింజ సామెత, చెక్ వెయిట్స్

గురివింద గింజకు తన కింద నలుపు తెలియదంటారు. స్కేల్ కూడా అంతే. తన తప్పు తనకు తెలియదు. ధైర్యంగా నంబర్ చూపిస్తూనే ఉంటుంది. ఆ తప్పు పట్టుకోవడానికి బయటి నుంచి సాక్షి కావాలి. వాటినే చెక్ వెయిట్స్ అంటారు.

బాక్స్‌లో స్కేల్‌తోపాటు ఒక క్యాలిబ్రేషన్ బరువు ఇస్తారు, కానీ అది ఒక్కటే చాలదు. 50 గ్రాముల దగ్గర సరిచేసిన స్కేల్ 0.3 గ్రాముల దగ్గర కూడా సరిగ్గా ఉంటుందని గ్యారంటీ లేదు. మీరు రోజూ తూచే బరువుకు దగ్గరగా ఉండే చిన్న బరువులు విడిగా కొనాలి.

బరువులకు కూడా గ్రేడ్లు ఉన్నాయి. అంతర్జాతీయ ప్రమాణం ఓఐఎంఎల్ ఆర్111 ప్రకారం 20 గ్రాముల బరువులో ఎంత తేడా ఉండొచ్చో చూడండి:

- ఎఫ్1 క్లాస్: ±0.25 మిల్లీగ్రాములు
- ఎఫ్2 క్లాస్: ±0.8 మిల్లీగ్రాములు
- ఎం1 క్లాస్: ±2.5 మిల్లీగ్రాములు

0.1 గ్రెయిన్ అంటే 6.5 మిల్లీగ్రాములు కదా. ఎఫ్2 సరిపోయి ఇంకా మిగులుతుంది. క్లాస్ ఏంటో రాయకుండా మెరుస్తూ కనిపించే బరువును నమ్మొద్దు. చేత్తో కూడా పట్టుకోవద్దు. వేలి జిడ్డు, చెమట బరువు పెంచుతాయి. చిమటా వాడాలి. నాణేలతో చెక్ చేసే ట్రిక్ వీడియోల్లో చూసే ఉంటారు. చేతులు మారి అరిగిన నాణెం మిల్లీగ్రాముల దగ్గర సాక్ష్యం చెప్పలేదు.

ఖర్చు లేని టెస్ట్ కూడా ఒకటుంది. పాన్ పెట్టి జీరో చేసి, పాన్ తీసేయండి. మైనస్‌లో పాన్ బరువు కనిపిస్తుంది. దాన్ని రాసి పెట్టుకోండి. పని మధ్యలో పాన్ తీసినప్పుడల్లా అదే నంబర్ రావాలి. మారిందంటే స్కేల్ జారింది, అక్కడితో ఆపి మళ్లీ జీరో చేసుకోవాలి.

సోలతో కొలవడం, కాటాతో తూచడం

వందల తూటాలు నింపేవాళ్లు ప్రతిదీ తూచరు. పౌడర్ మెజర్ అనే పరికరం వాడతారు. హ్యాండిల్ తిప్పితే నిర్ణీత పరిమాణం పడుతుంది. అది మన సోల, గిద్దె లాంటిదే, బరువును కాదు ఘనపరిమాణాన్ని కొలుస్తుంది. సోల కుదిపి పోస్తే ఒక లెక్క, వదులుగా పోస్తే ఒక లెక్క అని మన అమ్మమ్మలకు బాగా తెలుసు. పౌడర్ కూడా అంతే, రేణువుల ఆకారం బట్టి, హ్యాండిల్ కుదుపు బట్టి మారుతుంది. అందుకే మొదట్లో పదింటిని తూచి సెట్ చేసుకుని, తర్వాత మధ్యమధ్యలో ఒకటి స్కేల్ మీద పెట్టి చూస్తారు.

ఇప్పుడు మెజర్, స్కేల్ రెండూ కలిపిన ఆటోమేటిక్ డిస్పెన్సర్లు వచ్చాయి. కొన్నింటికి బ్లూటూత్, యాప్ కూడా. సౌకర్యం బాగుంది, కానీ లోపల అదే లోడ్ సెల్ ఉంటే యాప్ వల్ల యాక్యురసీ పెరగదు.

కాలిపర్: తూకం సరే, పొడవు?

బుల్లెట్ కేస్‌లోకి ఎంత లోతుగా దిగిందన్నది కూడా ప్రెజర్‌ను మారుస్తుంది. లోతు ఎక్కువైతే లోపల ఖాళీ తగ్గి, అదే పౌడర్‌కు ప్రెజర్ పెరుగుతుంది. ముఖ్యంగా చిన్న పిస్టల్ తూటాల్లో. 9 ఎంఎం తూటా మొత్తం పొడవు 29.69 ఎంఎం దాటకూడదని సామీ ప్రమాణం. రైఫిల్ కేస్‌లైతే కాల్చినకొద్దీ పొడవు సాగుతాయి. .308 కేస్ 51.18 ఎంఎం దాటితే కత్తిరించాలి.

దీనికి డిజిటల్ కాలిపర్ వాడతారు. రిజల్యూషన్, యాక్యురసీ కథ ఇక్కడా రిపీట్. బాగా పేరున్న మిటుటోయో 500-196-30 డిస్‌ప్లే 0.01 ఎంఎం చూపిస్తుంది, కంపెనీ చెప్పే యాక్యురసీ మాత్రం ±0.02 ఎంఎం. మంచి కంపెనీ ఈ రెండో నంబర్‌ను దాచకుండా చెబుతుంది. అది అసలు రాయనిదైతే ఆలోచించుకోవాలి.

కొనేముందు మూసి జీరో చేసి, పదిసార్లు తెరిచి మూయండి, ప్రతిసారీ సున్నా రావాలి. దవడలు మూసి వెలుతురుకు ఎదురుగా పట్టండి, మధ్యలో వెలుగు గీత కనిపించకూడదు. వాడేటప్పుడు బొటనవేలితో గట్టిగా నొక్కొద్దు, ఆ నొక్కుడుకే రీడింగ్ మారుతుంది. చీప్ కాలిపర్లలో చాలావరకు ఆఫ్ చేసినా లోపలి సర్క్యూట్ నడుస్తూనే ఉంటుంది, అందుకే బ్యాటరీ ఊరికే అయిపోతుంది. ఎల్ఆర్44 బదులు ఎస్ఆర్44 వేయండి. వోల్టేజ్ చివరి వరకు నిలకడగా ఉంటుంది.

స్కేల్ చేయలేని పనులు

ఎంత ఖరీదైన స్కేల్ అయినా పాన్‌లో ఉన్నది ఏ పౌడరో చెప్పలేదు. అదే బరువు, వేరే పౌడర్ అయితే ప్రెజర్ పూర్తిగా వేరు. ఒకే కేస్‌లో పొరపాటున రెండుసార్లు పోసినా స్కేల్‌కి తెలియదు. అందుకే అనుభవం ఉన్నవాళ్లు బల్ల మీద ఒక్క పౌడర్ డబ్బానే ఉంచుతారు, బుల్లెట్ పెట్టేముందు ప్రతి కేస్‌లోకీ టార్చ్ వేసి చూస్తారు. కంపెనీ ప్రచురించిన లోడ్ మాన్యువల్‌లో లేని నంబర్‌ను ఎక్కడో విని వాడరు.

మరి ఏది కొనాలి?

అమెరికాలో ఉండి, చట్టప్రకారం ఈ హాబీ మొదలుపెట్టేవాళ్లకు: ఒక మంచి బీమ్ స్కేల్ లేదా 0.1 గ్రెయిన్ రీలోడింగ్ స్కేల్, దానికి తోడు ఎఫ్2 చెక్ వెయిట్స్. బడ్జెట్ టైట్‌గా ఉంటే స్కేల్‌లో ఒక మెట్టు దిగండి, చెక్ వెయిట్స్ మాత్రం వదలొద్దు. మాగ్నెటిక్ ఫోర్స్ స్కేల్ పోటీలకు వెళ్లేటప్పుడు చూసుకోవచ్చు.

ఇక్కడ ఉన్నవాళ్లకు: కాఫీకి 0.1 గ్రాము స్కేల్ చాలు, ట్రికిల్ రెస్పాన్స్ చూసుకోండి. 3డీ ప్రింటింగ్‌కి పేరున్న కాలిపర్ ఒకటి. బంగారం అయితే గ్రాము పది వేలు అనుకున్నా 0.01 గ్రాము అంటే వంద రూపాయలు, పాకెట్ స్కేల్ రెండంకెలు ఊగితే రెండు వందలు. ఇంట్లో తూచింది అంచనాకు మాత్రమే. షాపులో తూనికలు, కొలతల శాఖ ముద్ర ఉన్న కాటా మీద, ఫ్యాన్ ఆపించి, ముందు సున్నా చూపించమని అడిగి తూయించుకోండి. అది మీ హక్కు.

ఈసారి స్కేల్ రివ్యూ చదివేటప్పుడు 0.01 అన్న అంకె దగ్గర ఆగకండి. "దీన్ని దేనితో చెక్ చేశారు?" అని చూడండి. జవాబు లేకపోతే ఆ రివ్యూ కూడా గోడ గడియారం లాంటిదే.